ఆవుల్ని అప్పజెప్పి నాలుగు రోజులు... మైసూరు, బందీపూర్

రెండావులున్న రైతు ఊరు దాటాలంటే ముందు తేల్చుకోవాల్సింది టికెట్టు సంగతి కాదు. పాలు ఎవరు పిండుతారన్నది. చుట్టాల పెళ్ళికైనా పొద్దున పోయి మాపటికి రావాల్సిందే. ఎప్పుడో తెగించి యాత్రకు బయల్దేరితే మూడు రోజుల్లో బెంగళూరు, మైసూరు, ఊటీ అన్నీ చుట్టేయాలని టూరిస్టు బస్సు మాట్లాడుకుంటారు. నిద్ర బస్సులోనే. తిరిగొచ్చాక ప్యాలెస్ ఏ ఊళ్ళో చూశామో, తోట ఏ ఊళ్ళో చూశామో గుర్తుండదు.

ఊటీని వదిలేయండి. బెంగళూరును కిటికీలోంచి చూస్తే చాలు. ఒక పట్నం, ఒక అడవి పెట్టుకుని నాలుగు రోజులు నింపాదిగా తిరిగితే చూసినదాని అర్థం తెలుస్తుంది, మోకాళ్ళ నొప్పులున్న ఇంట్లోవాళ్ళు కూడా రాగలుగుతారు. మన చిత్తూరు జిల్లా పడమటి మండలాలవారికి అందుకు అనువైనది మైసూరు, దానికి సుమారు 80 కిలోమీటర్లలో ఉన్న బందీపూర్ జాతీయ పార్కు.

ఎప్పుడు బయల్దేరాలి?

సంక్రాంతి దాటాక, వేరుశనగ, రాగి కోతలు ముగిసి గింజలు ఇల్లు చేరాక. చలి తగ్గుతుంది, ఎండలు ముదరవు. వేసవిలో అడవిలో నీటి గుంటల దగ్గర జంతువులు బాగా కనిపిస్తాయిగానీ మంటల భయమూ అప్పుడే. దసరాకు మాత్రం వద్దు. మైసూరులో గది దొరకడమే కష్టం, దొరికినా రేటు మనది కాదు. టమోటా కోతలమీద ఉన్నవాళ్ళు వెళ్ళకపోవడమే మేలు. మనసంతా మండీ ధరమీదే ఉంటుంది. పట్టుపురుగుల రైతులకైతే ఒక పంట గూళ్ళు అమ్మి, షెడ్డు కడిగి మందు కొట్టాక, తర్వాతి పురుగులు వచ్చేలోపు ఉండే ఖాళీ సరిగ్గా సరిపోతుంది.

ఆవుల మాటకొస్తే, పాలు పిండబోయే మనిషిని వారం ముందునుంచే రోజూ ఒక పూట మీ పక్కన కూర్చోబెట్టుకోండి. కొత్త చెయ్యి పడితే ఆవు చేపదు. దాణా ఎంతో కొలిచి చూపించాలి. పశువుల డాక్టరు నంబరు గోడమీద రాసిపెట్టాలి. ఈనడానికి దగ్గరపడిన ఆవు ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోవాల్సిందే.

ఆదివారం మైసూరు చేరేలా చూసుకోవాలి

ఇందులో కిటుకు ఉంది. ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజుల్లో రాత్రి ఏడు గంటలకు మైసూరు ప్యాలెస్‌కు దీపాలు వెలిగిస్తారు. దాదాపు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి. ఇక జంతు ప్రదర్శనశాలకు మంగళవారం సెలవు. కాబట్టి శనివారం రాత్రి బయల్దేరి ఆదివారం మైసూరు, మంగళవారం అడవి, బుధవారం జూ చూసి తిరుగు ప్రయాణం అనుకుంటే ఏ రోజూ వృథా కాదు.

కుప్పంవాళ్ళకు బెంగళూరుకు రైలుంది. పలమనేరువాళ్ళకు ముళబాగిలు, కోలారు మీదుగా బస్సు. ఒక మాట. మన ఆడవాళ్ళకు ఇచ్చే స్త్రీశక్తి ఉచిత టికెట్టు రాష్ట్రం దాటే బస్సుల్లో చెల్లదు. కర్ణాటకలో ఉచిత ప్రయాణం అక్కడి ఆడవాళ్ళకే. కాబట్టి అందరి ఛార్జీ లెక్కలో వేసుకోవాలి. బెంగళూరునుంచి మైసూరుకు రైలైతే మంచిది. పట్టుగూళ్ళ మార్కెట్టున్న రామనగర, చెరకు తోటల మండ్య దారిలోనే కనిపిస్తాయి. బోర్డులు కన్నడంలో ఉన్నాయని బెంగ అక్కర్లేదు. అక్షరాలు మనవాటికి దగ్గరే, ఒక గంట తదేకంగా చూస్తే బస్సు బోర్డు చదివేస్తారు.

పాత కొయ్య ప్యాలెస్ 1897లో కాలిపోతే ఇప్పుడున్నది 1912లో పూర్తయింది. మధ్యాహ్నం లోపల చూసి, టీ తాగి, ఏడింటికి మళ్ళీ గేటు దగ్గరికి రావాలి.

సోమవారం పొద్దున దేవరాజ మార్కెట్టుకు వెళ్ళండి. మల్లెలు, తమలపాకులు, అరటి గెలలు ఎట్లా పేర్చి అమ్ముతారో చూడాల్సిందే. మల్బరీ రైతులు కేంద్ర పట్టు పరిశోధన, శిక్షణ సంస్థకు వెళ్ళొచ్చు. మన చేలల్లో వేసే వి-1 రకం అక్కడ పుట్టిందే. ముందుగా మన పట్టుపరిశ్రమ శాఖ అధికారితో ఒక ఉత్తరం రాయించుకుంటే పని సులువు.

సాయంత్రం కన్నంబాడి కట్ట. అదే కృష్ణరాజసాగర్. బృందావనం తోట, రంగు నీళ్ళ ఫౌంటెన్ చూసి వచ్చేవాళ్ళే ఎక్కువగానీ రైతు చూడాల్సింది ఆనకట్టను. 1911లో మొదలైన పని ఇరవై ఏళ్ళు సాగింది. సిమెంటు బదులు సున్నం, ఇటుక పొడి కలిపిన సుర్కీతో రాయి కట్టారు. దాన్ని తలకెత్తుకున్న విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులది మోక్షగుండం. ముందురోజు రైల్లోంచి చూసిన మండ్య చెరకుకు నీళ్ళు వెళ్ళేది ఇక్కడినుంచే.

అడవి దారి

మంగళవారం ఊటీ వెళ్ళే బస్సెక్కి గుండ్లుపేటలో దిగి గది తీసుకోండి. పార్కు లోపలి గదులు మనకు అందవు. అక్కడినుంచి హిమవద్ గోపాలస్వామి బెట్ట చిన్న రైతుకు తగిన అడవి దర్శనం. సొంత బండ్లను కొండ కిందే ఆపేస్తారు, పైకి ప్రభుత్వ బస్సే. ఆ టికెట్టుతోనే పార్కు కొండల్లోంచి వెళ్ళి గుడి చూసి రావచ్చు. మంచు, చలిగాలి ఉంటాయి, దుప్పటి మరవొద్దు. మధ్యాహ్నంలోపే వెళ్ళి దిగిపోవాలి.

సఫారీ పొద్దున, సాయంత్రం ఉంటుంది. బస్సైతే చవక, జీపు ఖరీదు. జింకలు, అడవిదున్నలు, ఏనుగులు, రేచుకుక్కలు కనిపించే అవకాశం బాగానే ఉంటుంది. పులి కనిపిస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు. ప్లాస్టిక్ సంచులు వద్దు, రోడ్డుమీద బండి దిగి ఫొటోలు అసలే వద్దు. రాత్రి తొమ్మిదినుంచి తెల్లవారి ఆరుదాకా అడవి రోడ్డుమీద రాకపోకలపై 2009నుంచి నిషేధం ఉంది. సాయంత్రం ఆలస్యమైతే ఇరుక్కుపోతారు.

బయల్దేరే ముందు సఫారీ నడుస్తోందో లేదో తప్పక కనుక్కోవాలి. 2025 నవంబరులో బందీపూర్, నాగరహొళెలలో ప్రభుత్వం సఫారీ ఆపేసింది. కారణం మనలాంటి రైతులే. సరగూరు వైపు పొలాల్లో పనిచేసుకుంటున్నవాళ్ళు పులి దాడుల్లో చనిపోయారు. సఫారీ బండ్ల రొదకే జంతువులు ఊళ్ళమీదికొస్తున్నాయని రైతులు ఆందోళన చేశారు. టికెట్టు కొన్నవాడికి అది వినోదం, పార్కు అంచున పొలం ఉన్నవాడికి ప్రాణం.

అందుకే అడవి చూసి వెంటనే బస్సెక్కొద్దని మా మాట. గుండ్లుపేట చుట్టుపక్కల చేల గట్లమీద ఒక పూట నడవండి. ఏనుగులు దాటకుండా తవ్విన కందకాలు, సోలార్ కంచెలు, కాపలా మంచెలు అక్కడి రైతుకు నాగలితో సమానం. కందకం మట్టి ఎక్కడ జారింది, కంచె కింద గడ్డి కోయకపోతే కరెంటు ఎట్లా చచ్చిపోతుంది, ఇవన్నీ అడిగితే చెబుతారు. మనకు కొత్తేం కాదు. 1980లలో ఏనుగులు మన పడమటి అడవుల్లోకి వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. అప్పటినుంచి పలమనేరు, కుప్పం రైతులు డబ్బాలు కొడుతూ రాత్రిళ్ళు గడుపుతూనే ఉన్నారు. 2025 మే నెలలో కర్ణాటక మనకు కుంకీ ఏనుగులను ఇచ్చింది. కుంకీ వచ్చినా కందకం, కంచె బాగోగులు రైతు కన్నుకిందే ఉండాలి. అడవిలో ఇంకొకటి గమనించండి. మన గట్లమీద పెరిగే లాంటానా అక్కడ మైళ్ళకొద్దీ అల్లుకుపోయి గడ్డిని లేవనివ్వడం లేదు. లోపల మేత తగ్గితే జంతువు బయట చేనువైపే చూస్తుంది.

బుధవారం మైసూరుకు వస్తూ నంజనగూడులో దిగి నంజుండేశ్వరుడి గుడి చూడొచ్చు. అక్కడి రసబాళె అరటిపండు దొరికితే తిని చూడండి. మంచి వాసన, పలచని తొక్క. పనామా తెగులు వచ్చి ఆ తోటలు చాలావరకు పోయాయి. పండు నచ్చింది కదా అని పిలకలు మాత్రం తెచ్చుకోవద్దు. ఆ తెగులు పిలకలతో, వాటికంటిన మట్టితోనే మన చేలోకి వస్తుంది.