దసలి పట్టు: మద్ది చెట్టు మీద పుట్టే దారం

మల్బరీ పట్టుపురుగు తట్టల్లో, మనిషి చేతుల మీద పెరుగుతుంది. దసలి పట్టుపురుగు అలా కాదు. నల్లమద్ది, తెల్లమద్ది లాంటి చెట్లే దానికి ఇల్లూ తిండీ. శాస్త్రీయ నామం ఆంథీరియా మైలిట్టా. జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవులు మొదలు మహారాష్ట్రలోని భండారా మీదుగా మన గోదావరి తీరం దాకా ఇది కనిపిస్తుంది. చెన్నూరు, మహదేవపూర్ ప్రాంతాల్లో దసలి పట్టుకాయలే ఎన్నో కుటుంబాలకు జీవనాధారం.

ఈ పురుగు ఎదిగి రెక్కల మాత్‌గా మారుతుంది. రెక్కలు చాపితే అది 15 సెంటీమీటర్లు దాటుతుంది. మగది సాధారణంగా ఎర్రగోధుమ రంగు. ఆడది పసుపు లేదా బూడిద రంగు, ఆకారంలో పెద్దది. నాలుగు రెక్కల మీదా గుండ్రటి మచ్చలుంటాయి. వాటి నడుమ పొలుసులు లేని భాగం అద్దంలా అవతలి వెలుతురు చూపిస్తుంది. మగదాని మీసాలు ఈకల్లా విచ్చుకొని ఉంటాయి. చీకట్లో ఆడదాని వాసన పట్టేది వాటితోనే.

ఆడ మాత్ పెట్టే గుడ్లు వందకు పైమాటే. అవి పది రోజుల లోపే పొదుగుతాయి. పుట్టినప్పుడు గోధుమ రంగులో ఉండే పురుగు తర్వాత ఆకుపచ్చగా మారి, నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. నెల దాటేసరికి వేలి కంటే లావవుతుంది. అప్పుడు కొమ్మ చుట్టూ పట్టుతో ఉంగరంలాంటి కట్టు వేసి, కాడ అల్లి, దానికి వేలాడేలా గట్టి కాయ కట్టుకుంటుంది. కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు చేరడం వల్ల కాయ పెంకు మరింత గట్టిపడుతుంది.

వేసవి ముందు కట్టిన కాయల్లో ప్యూపా ఎండలన్నీ నిద్రలోనే గడిపి, తొలకరికి మేలుకుంటుంది. మాత్‌గా మారి, బయటికి రావడానికి కొకూనేజ్ అనే ఎంజైమును వదిలి కాయ కొనను నానబెడుతుంది. పోగులను అంటించిన జిగురు కరిగాక, వాటిని పక్కకు నెట్టుకుంటూ సాయంత్రం వేళ వెలుపలికి వస్తుంది. ముడతలుపడిన రెక్కల్లోకి ద్రవం ఎక్కించి వాటిని విప్పుకుంటుంది. దాని నోటి భాగాలు తినడానికి పనికిరావు. పురుగు దశలో కూడబెట్టిన కొవ్వుతోనే కొద్ది రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతుంది.

మాత్ బయటికి వచ్చేసిన కాయ నుంచి తెగని దారం రాదు, వడుక్కోవాల్సిందే. అందుకే చాలా కాయలను ముందే ఉడికిస్తారు, కొన్నిటిని విత్తనానికి ఉంచుతారు. విత్తనం ఎంత దాచినా, పురుగుకు ప్రధాన మేత మద్ది ఆకే. మద్ది చెట్టును కొట్టేసి దసలి పరిశ్రమను కాపాడటం ఎవరి తరమూ కాదు.