తాడిపత్రి శుభ్రత ఎవరి సొత్తు?

ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే కరవు నేల అనంతపురం. ఆ నేల మీద, పెన్న ఒడ్డున, సిమెంటు దుమ్మూ బండల పాలిషింగ్ బురదా చుట్టుముట్టిన తాడిపత్రి శుభ్రమైన ఊరని పేరు తెచ్చుకుంది. ఆ పేరు వెనక జేసీ ప్రభాకర్ రెడ్డి ఉన్నారని ఆయనంటే గిట్టనివాళ్లూ ఒప్పుకుంటారు. డెబ్బై దాటినా వీధుల్లోకొచ్చి, చెత్త కనబడితే అక్కడే నిలబడి ఎత్తించే మున్సిపల్ చైర్మన్‌ను మెచ్చుకోకుండా ఉండలేం. నా అభ్యంతరం ఒక్కటే. ఇన్నేళ్లయినా ఆ శుభ్రత మున్సిపాలిటీకి అలవాటు కాలేదు. ఆయన కంటి ముందు ఉన్నంతసేపే నడుస్తోంది.

ఇక్కడి జనం ఆయన మాయలో పడ్డారనుకుంటే పొరపాటు. 2019లో ఇదే నియోజకవర్గం ఆయన కొడుకు అస్మిత్ రెడ్డిని ఓడించింది. రెండేళ్లకు, 2021 మార్చిలో, రాష్ట్రంలోని మున్సిపాలిటీలు వరసగా వైఎస్సార్‌సీపీ చేతికి వెళుతుంటే తాడిపత్రిలోని 36 వార్డుల్లో తెలుగుదేశానికి 18, వైఎస్సార్‌సీపీకి 16 దక్కాయి. సీపీఐ, స్వతంత్ర సభ్యుల తోడుతో ప్రభాకర్ రెడ్డి చైర్మన్ అయ్యారు. ఆయన అన్న దివాకర్ రెడ్డి 1985 నుంచి వరసగా ఆరుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చోట కూడా ఓటరు ఇంటిపేరును పక్కనపెట్టి పనిని తూచగలడని తేలింది. అలాంటి ఓటరు అజమాయిషీ చేయడానికీ తగినవాడే.

ఫ్యాక్షన్ గడ్డ మీద గట్టి మనిషి లేకపోతే చీపురు కూడా కదలదంటారు. ఈ వాదనలో నిజముంది. 2021 ఆగస్టులో చైర్మన్ సమీక్ష పెడితే కమిషనర్ రాలేదు. ఆయన వచ్చేదాకా కదలనని ప్రభాకర్ రెడ్డి మున్సిపల్ ఆఫీసులోనే పడక వేసి ఆ రాత్రి అక్కడే పడుకున్నారు. కౌన్సిలర్లు ఎన్నుకున్న చైర్మన్ ఒక అధికారిని మీటింగుకు రప్పించలేని పరిస్థితి అది. కుర్చీకి బలం లేనప్పుడు మనిషే బలం తెచ్చుకోవాలి. ఆయన గద్దింపుల్లో సగానికి కారణం ఇదే.

కానీ గద్దింపు చెత్త దగ్గర ఆగదు. 2020 డిసెంబరులో అప్పటి ఎమ్మెల్యే కేతిరెడ్డి పెద్దారెడ్డి అనుచరులతో ప్రభాకర్ రెడ్డి ఇంట్లోకి వెళ్లారు. 2024 మే పోలింగ్ హింస తర్వాత అదే పెద్దారెడ్డి ఏడాదికి పైగా తాడిపత్రిలో ఉండలేకపోయారు; రానిచ్చేది లేదని చైర్మన్ బాహాటంగానే చెప్పారు. చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సివచ్చింది. వీధిని అద్దంలా ఉంచే మనిషే ఆ వీధిలోకి ఎవరు రావాలో కూడా తేల్చేస్తానంటే, ఆ వీధి ఊరందరిదీ అని ఎలా అనగలం? ముందు తప్పు చేసింది అవతలివాళ్లే కదా అనొచ్చు. కావచ్చు, కానీ ఆ లెక్క తేల్చాల్సింది కోర్టు. మున్సిపల్ చైర్మన్ కాదు.

ఆయన చేతిలో ఉన్న పని ఇంకోటుంది. వార్డు కమిటీలను రాజ్యాంగం మూడు లక్షల జనాభా దాటిన ఊళ్లకే తప్పనిసరి చేసింది. 2011 లెక్కల్లో లక్ష దాటిన తాడిపత్రికి ఆ నిర్బంధం లేదు, అలాగని వద్దన్నవాళ్లూ లేరు. ఆ కమిటీలు వేసి, పారిశుద్ధ్యానికి ఎంత ఖర్చయింది, ఏ వార్డులో ఎంతమంది కార్మికులున్నారు, నీళ్లు ఏ రోజు వస్తాయి అన్నవి వార్డు గోడ మీద రాయించి, ఆ లెక్క అడిగే హక్కు ఆయనకు ఓటేయని వార్డులకూ ఇస్తే, రేపు ఆయన పొద్దున్నే రాలేకపోయినా చెత్తబండి వస్తుంది.