బీఎస్‌ఎన్‌ఎల్ నష్టం ఎవరి ఖాతాలో రాయాలి?

2024 జులై మొదటి వారం గుర్తుందా? జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఒక్కరోజు తేడాతో రీచార్జ్ రేట్లు పెంచేశాయి. పది శాతం నుంచి పాతిక శాతం దాకా. ఆ వారమంతా స్టేటస్‌ల్లో, రీల్స్‌లో ఒకటే గోల: ‘బీఎస్‌ఎన్‌ఎల్‌కి పోర్ట్ అయిపోదాం.’ మాటల వరకే ఆగలేదు, జనం నిజంగానే వెళ్లారు. ట్రాయ్ లెక్కల్లో ఆ ఒక్క నెలలోనే బీఎస్‌ఎన్‌ఎల్‌కి 29 లక్షల పైచిలుకు కనెక్షన్లు పెరిగాయి. మిగతా మూడింటికీ తగ్గాయి. అదే ఏడాది నవంబర్‌కల్లా సీన్ రివర్స్. బీఎస్‌ఎన్‌ఎల్ కనెక్షన్లు మళ్లీ తగ్గడం మొదలైంది. రేటు నచ్చి వెళ్లినవాళ్లకి అక్కడ సరిపడా 4జీ లేదు మరి.

మా ఆఫీసులో లంచ్ టైంలో ఈ టాపిక్ వచ్చిందంటే రెండు పార్టీలు తయారవుతాయి. ‘గవర్నమెంట్ కంపెనీలంతే బ్రో, అమ్మేస్తే గొడవ వదిలిపోతుంది’ అని ఒకరు. ‘ప్రైవేటు వాళ్ల కోసం కావాలనే చంపేశారు’ అని ఇంకొకరు. రెండూ స్టేటస్ పెట్టుకోవడానికి బాగుంటాయి. లెక్కలు తీసి చూస్తే మాత్రం కథ అంత ఈజీగా లేదు.

లెక్కల్లో నన్ను ముందుగా ఆపేసింది ఒక లాభం. 2004-05లో బీఎస్‌ఎన్‌ఎల్ నికర లాభం 10 వేల కోట్లు దాటింది. అవును, లాభమే. అప్పటికి మార్కెట్లో ప్రైవేటు పోటీ వచ్చి చాలా కాలమైంది. 2008-09కి ఆ లాభం 575 కోట్లకు పడిపోయింది. మరుసటి ఏడాది 1,823 కోట్ల నష్టం. 2019-20లో నష్టం 15,500 కోట్లు. అంటే పోటీ వచ్చిన మరుక్షణం కుప్పకూలలేదు. పోటీ వచ్చాక కూడా కొన్నేళ్లు బాగా సంపాదించి, తర్వాత జారిపోయింది. జారడం ఎక్కడ మొదలైందన్నదే అసలు విషయం.

కొంచెం వెనక్కి వెళ్దాం. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి వెళ్లింది. ఆ రోజుల్లో పీక్ టైంలో నిమిషానికి 16 రూపాయల దాకా. ఫోన్ వస్తే ఎత్తినందుకు కూడా డబ్బులే! 1997లో ట్రాయ్ పుట్టింది. 1999లో కొత్త టెలికాం విధానం వచ్చింది. 2000 అక్టోబర్ 1న ప్రభుత్వ శాఖలోంచి ఒక ముక్కను విడదీసి కంపెనీగా మార్చారు. అదే బీఎస్‌ఎన్‌ఎల్. ఆ కంపెనీ 2002 అక్టోబర్‌లో సెల్‌వన్ తెచ్చింది, 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. ఇవాళ మనం నెలంతా డేటా వాడి కూడా రేటు పెరిగిందని తిట్టుకునే స్థాయికి వచ్చామంటే అది ఆ పదేళ్ల సంస్కరణ పుణ్యమే. దీన్ని ఎవరూ కాదనలేరు.

కాకపోతే ఆ సంస్కరణ సగంలో ఆగింది. మార్కెట్‌ని తెరిచారు. ప్రభుత్వ కంపెనీ చేతులు మాత్రం విప్పలేదు.

ఉదాహరణకి 2010 వేలం చూడండి. ప్రైవేటు కంపెనీలు తమకు లాభం అనిపించిన సర్కిళ్లలోనే 3జీ స్పెక్ట్రమ్‌కి పాడుకున్నాయి, ఖరీదు ఎక్కువ అనిపిస్తే వదిలేశాయి. బీఎస్‌ఎన్‌ఎల్‌కి ఆ ఆప్షన్ లేదు. వేలంలో పాల్గొనకుండానే దానికి స్పెక్ట్రమ్ ముందుగా కేటాయించారు. తర్వాత వేలంలో ఎంత పలికితే అంత కట్టమన్నారు. 3జీకి 10 వేల కోట్లకు పైన, బ్రాడ్‌బ్యాండ్ వైర్‌లెస్‌కి 8 వేల కోట్లకు పైన, మొత్తం కలిపి దాదాపు 18,500 కోట్లు. ఎక్కడ కావాలి, ఎంతకి కావాలి అని ఆలోచించుకునే హక్కు లేకుండా బిల్లు చేతిలో పెడితే దాన్ని బిజినెస్ నిర్ణయం అని ఎలా అంటాం? ఆ బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్‌లో కొంత భాగాన్ని తర్వాత వెనక్కి ఇచ్చేసుకోవాల్సి వచ్చింది కూడా.

పరికరాల కొనుగోలుదీ ఇదే తంతు. దేశంలో నెలకు కోటికి పైగా కొత్త కనెక్షన్లు వస్తున్న రోజులవి. ఒక ప్రైవేటు కంపెనీకి టవర్లు కావాలంటే బోర్డు మీటింగ్ పెట్టి, వెండర్‌తో బేరమాడి, ఆర్డర్ ఇచ్చేస్తుంది. బీఎస్‌ఎన్‌ఎల్‌కి టెండర్, దాని మీద కోర్టు కేసు, మళ్లీ టెండర్. 9 కోట్లకు పైగా లైన్ల కోసం పిలిచిన భారీ టెండర్ 2010లో రద్దయింది. పదేళ్ల తర్వాత, 2020లో, 4జీ టెండర్ కూడా రద్దయింది. ఈసారి విదేశీ పరికరాలు వద్దు, స్వదేశీవే వాడాలన్న నిర్ణయం వల్ల. నిర్ణయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆ నిర్ణయం భారం మోసింది ఒక్క బీఎస్‌ఎన్‌ఎల్ మాత్రమే అన్నది నా పాయింట్. జియో 4జీ 2016 సెప్టెంబర్‌లో వచ్చింది. బీఎస్‌ఎన్‌ఎల్‌కి 4జీ స్పెక్ట్రమ్ ఇస్తామని ప్రభుత్వం చెప్పింది 2019 అక్టోబర్‌లో. స్వదేశీ 4జీ నెట్‌వర్క్‌ని దేశమంతటికీ అధికారికంగా ప్రారంభించింది 2025 సెప్టెంబర్ 27న, ఒడిశాలోని ఝార్సుగూడలో. తొమ్మిదేళ్లు! ఫోన్ల ప్రపంచంలో తొమ్మిదేళ్లంటే ఒక యుగం.

మా ఫీల్డ్‌లో రెండు ప్రోగ్రాముల స్పీడ్ పోల్చాలంటే రెంటినీ ఒకే మెషీన్ మీద రన్ చేస్తాం. ఒకదాన్ని కొత్త సర్వర్ మీద, ఇంకోదాన్ని పాత డబ్బా మీద నడిపి ‘చూశారా, ఇది స్లో’ అంటే మేనేజర్ కూడా నవ్వుతాడు. ప్రభుత్వ కంపెనీల విషయంలో మాత్రం ఆ పోలికే ఇరవై ఏళ్లుగా చేస్తున్నాం.

అలాగని తప్పంతా ఢిల్లీదే అనుకుంటే అదీ పొరపాటే. 2019లో పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం బీఎస్‌ఎన్‌ఎల్ ఆదాయంలో 75 శాతం జీతాలకే పోయేది. ప్రైవేటు కంపెనీల్లో అది ఆరు శాతం కూడా లేదు. పాత టెలికాం శాఖ నుంచి లక్షల మంది ఉద్యోగులు వారసత్వంగా వచ్చారు నిజమే. కానీ ల్యాండ్‌లైన్లు తగ్గుతున్నా, పని తీరు మారిపోతున్నా ఆ సైజుని ఏళ్ల తరబడి కదల్చలేదు. యూనియన్లు ఒప్పుకోలేదు, మేనేజ్‌మెంట్ గట్టిగా అడగలేదు, మంత్రులు ఓట్లు చూసుకున్నారు. చివరికి 2020 జనవరి 31న 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. దాదాపు సగం కంపెనీ ఒక్కరోజులో ఇంటికి వెళ్లిపోయింది. మరుసటి ఏడాది నష్టం సగానికి పైగా తగ్గి 7,441 కోట్లకు వచ్చింది. ఈ పని పదేళ్ల ముందు కొంచెం కొంచెంగా చేసి ఉంటే అంత బాధా ఉండేది కాదు, అంత ఖర్చూ ఉండేది కాదు.

సరే, ఇప్పుడు లెక్కల పుస్తకంలో అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. బీఎస్‌ఎన్‌ఎల్ చేసే పనుల్లో కొన్ని బిజినెస్, కొన్ని సేవ. కూకట్‌పల్లిలో ఫైబర్ కనెక్షన్ ఇవ్వడం బిజినెస్. పాడేరు దాటి లోపలి గూడేనికి సిగ్నల్ ఇవ్వడం సేవ. అక్కడ టవర్ పెడితే డీజిల్ ఖర్చు కూడా తిరిగి రాకపోవచ్చు. అయినా పెట్టాలి. 108కి ఫోన్ చేయాల్సిన అవసరం అక్కడి మనిషికీ ఉంటుంది కదా. ఈ సేవకయ్యే డబ్బు ఎవరివ్వాలి?

మొదట్లో దీనికి ఒక ఏర్పాటు ఉండేది. ప్రైవేటు ఆపరేటర్ల నుంచి వసూలు చేసిన యాక్సెస్ డెఫిసిట్ చార్జ్ పల్లెల్లో ఫోన్లు నడిపే బీఎస్‌ఎన్‌ఎల్‌కి వెళ్లేది. దాన్ని 2008లో ఎత్తేశారు. పల్లె బాధ్యత మాత్రం కంపెనీ నెత్తి మీదే ఉండిపోయింది. ఆ ఖర్చంతా ‘నష్టం’ అనే ఒకే గంపలో పడిపోయింది. చేతకానితనం వల్ల పోయింది ఎంత, సేవ వల్ల పోయింది ఎంత అనేది బయటివాళ్లకు కనిపించకుండా పోయింది. ఒకరకంగా ఇది అందరికీ సౌకర్యమే. పనితీరు బాగోలేని అధికారి ‘మేం పల్లెలకు సేవ చేస్తున్నాం’ అంటాడు. డబ్బివ్వాల్సిన ప్రభుత్వం ‘మీ పనితీరు బాగోలేదు’ అంటుంది.

2022 జులైలో ప్రకటించిన 1.64 లక్షల కోట్ల ప్యాకేజీలో ఒక చిన్న లైన్ ఉంది. 2014-15 నుంచి 2019-20 వరకు పల్లెల్లో గిట్టుబాటు కాకపోయినా ల్యాండ్‌లైన్లు నడిపినందుకు 13,789 కోట్లు ఇస్తామని. అంటే ఆ ఆరేళ్లు పేపర్లలో మనం చదివిన ‘బీఎస్‌ఎన్‌ఎల్ నష్టాల్లో’ పెద్ద ముక్క అసలు ప్రభుత్వం కట్టాల్సిన బిల్లేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. అప్పటికి కంపెనీ పేరు పోయింది, కస్టమర్లు పోయారు.

ఇలాంటి సమస్య మనకొక్కరికే రాలేదు. ఆస్ట్రేలియాలో కరెంటు, నీళ్లు, రైళ్లు, పోర్టులు చాలావరకు అక్కడి రాష్ట్ర ప్రభుత్వాల కంపెనీల చేతుల్లో ఉండేవి. 1993లో హిల్మర్ కమిటీ ఒక రిపోర్టు ఇచ్చింది, 1995లో కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఒప్పందం రాసుకున్నాయి. అందులో నాకు నచ్చిన ముక్క ఇది: పోటీలో ఉన్న ప్రభుత్వ కంపెనీకి ప్రభుత్వానిదైనందుకు అదనపు లాభం ఉండకూడదు, అదనపు శిక్షా ఉండకూడదు. పన్ను, వడ్డీ, రూల్సు అందరికీ ఒకటే. లాభం రాని సేవ చేయించాలంటే దాని ఖరీదు లెక్కగట్టి బడ్జెట్‌లోంచి బాహాటంగా ఇవ్వాలి. మాట నిలబెట్టుకుని సంస్కరణలు చేసిన రాష్ట్రాలకు అక్కడి కేంద్రం విడిగా డబ్బు కూడా ఇచ్చింది. ఆ దేశంలోనూ టెలికాం కంపెనీ టెల్‌స్ట్రాని 1997 నుంచి విడతలుగా అమ్మేశారు. కాబట్టి వాళ్లు అమ్మకానికి వ్యతిరేకులేం కాదు. అమ్మినా ఉంచుకున్నా ముందు లెక్క శుభ్రంగా ఉండాలన్నారు, అంతే.

మనకి ఇది కొత్త వింతేం కాదు. తెలంగాణ ఆర్టీసీ బస్సెక్కిన ఆడవాళ్ల చేతిలో ఉండే జీరో టికెట్ ఇదే ఐడియా. 2023 డిసెంబర్ 9 నుంచి ప్రయాణం ఫ్రీ, అయినా కండక్టర్ టికెట్ కొడతాడు. ఎందుకంటే ఆ టికెట్ లెక్క చూపించే ఆర్టీసీ ప్రభుత్వాన్ని డబ్బు అడుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తిదీ ఇదే పద్ధతి. ఆ డబ్బు టైంకి వస్తుందా, పూర్తిగా వస్తుందా అనేది ఇంకో పెద్ద కథ. కనీసం లెక్క ఒకటంటూ ఉంది.

విశాఖ ఉక్కు దగ్గర కూడా ఇదే వాదన వినపడుతుంది. సొంత ఇనుప గనులున్న కంపెనీలతో సొంత గని లేని కంపెనీ పోటీ పడుతోంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు. ప్యాకేజీ అయిపోయాక గని ఉంటుందా అని అడిగేవాళ్లే తక్కువ.

2019, 2022, 2023 మూడు ప్యాకేజీలూ కలిపితే బీఎస్‌ఎన్‌ఎల్, ఎంటీఎన్‌ఎల్‌ల కోసం ప్రకటించింది 3.22 లక్షల కోట్లు. తలా 2,300 రూపాయలు అనుకోండి. అందులో పెద్ద భాగం స్పెక్ట్రమ్ విలువే, అంటే ప్రభుత్వం కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చుకున్న డబ్బు. అయినా చిన్న మొత్తమేం కాదు. దానికి మనకేం వస్తుంది? నా దృష్టిలో ఒక్కటే: రేట్లు పెంచేటప్పుడు మిగతా కంపెనీలు ఒక్కసారి ఆగి ఆలోచించాలి. ఒకప్పుడు పదికి పైగా ఆపరేటర్లున్న మార్కెట్లో ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు మూడే మిగిలాయి. ఆ మూడో దానిలో, అంటే వీఐలో, బకాయిల కింద షేర్లు తీసుకుని 2025 ఏప్రిల్‌కల్లా ప్రభుత్వం వాటా దాదాపు 49 శాతానికి చేరింది. స్పెక్ట్రమ్ అమ్మేదీ, లైసెన్సులిచ్చేదీ, ఒక కంపెనీకి యజమాని, ఇంకో కంపెనీలో అతిపెద్ద వాటాదారూ ఒక్కరే. ఈ సినిమాలో డబుల్ యాక్షన్ కూడా కాదు, నాలుగు రోల్స్.

2024 అక్టోబర్-డిసెంబర్‌లో బీఎస్‌ఎన్‌ఎల్ 262 కోట్ల లాభం చూపించింది. 17 ఏళ్ల తర్వాత మొదటి లాభమని పండగ చేశారు. తర్వాతి మూడు నెలల్లో 280 కోట్లు. ఆ వెంటనే 2025 ఏప్రిల్-జూన్‌లో దాదాపు 1,049 కోట్ల నష్టం. మళ్లీ ‘అంతే, గవర్నమెంట్ కంపెనీ’ కామెంట్లు మొదలు. నిజానికి కొత్త 4జీ పరికరాల తరుగుదల, స్పెక్ట్రమ్ ఖర్చు ఇప్పుడే పుస్తకాల్లోకి ఎక్కుతున్నాయి. 97,500 టవర్లు పెట్టిన కంపెనీకి కొన్నాళ్లు ఈ బరువు తప్పదు. సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇచ్చే 26,316 కోట్ల ప్రాజెక్టు కూడా దీని చేతుల్లోనే ఉంది. ఆ పెట్టుబడి డబ్బు విడిగా నిధిలోంచి వస్తోంది, ఇది మంచి మార్పు. ఇక ఆ టవర్లను ఏటా నడిపే ఖర్చు ఎవరి పేరు మీద రాస్తారన్నది వచ్చే క్వార్టర్ల ఫలితాల్లో నేను ముందుగా వెతికే లైన్.