సరీసృపం: పేరు, వంశం

‘సరీసృపం’ అనే సంస్కృత పదం ప్రాకే స్వభావాన్ని తెలుపుతుంది, వంశాన్ని కాదు. జీవుల వర్గీకరణలోని చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 1758 నాటి లిన్నేయస్ విభజనకు శరీర లక్షణాలే ఆధారం. 1859లో డార్విన్ సిద్ధాంతం ఉమ్మడి పూర్వికతను ముందుకు తెచ్చింది. ఒక పూర్వికుని సంతతి యావత్తూ ఒకే వర్గంలో ఉండాలని 1950లో విల్లీ హెన్నిగ్ ప్రతిపాదన దారిచూపింది. ఆ లెక్కన మొసలికి బల్లికన్నా పక్షే దగ్గరి చుట్టం. పక్షులను విడిచిన సరీసృప వర్గం అసంపూర్ణం.

అయితే ప్రతి పోలికా చుట్టరికం కాదు. పక్షికీ గబ్బిలానికీ రెక్కలు వేర్వేరుగా ఏర్పడ్డాయి. బాక్టీరియాలలోనైతే సంతతికే కాక ఇతర జీవులకూ జన్యువులు బదిలీ అవుతాయి. అక్కడ వంశవృక్షం వలగా మారుతుంది. కనుక పాఠ్యపుస్తకాలు ‘సరీసృపం’ అన్న మాటను విడువనక్కరలేదు. అది పోలికను చెబుతున్నదో, పుట్టుకను చెబుతున్నదో స్పష్టం చేయాలి.