పిల్లలు కూర్చోగలిగే రీడింగ్ రూమ్



"మావాడు పుస్తకం పట్టడం లేదు మేడమ్, ఎప్పుడూ ఫోనే" అని పేరెంట్స్ మీటింగ్‌లో మీలో చాలామంది చెబుతుంటారు. మరి ప్రశాంతంగా కూర్చుని చదువుకునే చోటు వాడికి ఉందా?

చిన్నప్పుడు మా నాన్న నన్ను ఒక లైబ్రరీకి తీసుకెళ్లేవారు. అక్కడి కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు అందేవి కావు. పది నిమిషాలకే ఇంటికి పోదామనేదాన్ని. పుస్తకం నచ్చక కాదు, కూర్చోలేక.

మంచి రీడింగ్ రూమ్‌కు నాలుగు విషయాలు ముఖ్యం.

చోటు: లైబ్రరీ భవనాలకు భారతీయ ప్రమాణాల ప్రకారం ఒక్కో పాఠకుడికి 2.33 చదరపు మీటర్లు, అంటే దాదాపు 25 చదరపు అడుగులు కావాలి. 20 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవున్న హాల్లో 20 మంది హాయిగా చదువుకోవచ్చు. అందులోనే 40 కుర్చీలు ఇరికిస్తే ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేరు.

వెలుతురు: మన ఆత్మకూరు ఎండలకు పడమటి కిటికీ పక్కన సాయంత్రం కూర్చోలేం. ఉత్తరం కిటికీ వెలుతురు రోజంతా దాదాపు ఒకేలా ఉంటుంది. ఫ్యాన్‌కు పైన లైటు పెడితే రెక్కల నీడ పేజీ మీద తిరుగుతూ కళ్లను అలసటపెడుతుంది.

ఎత్తు: పెద్దలకు 75 సెంటీమీటర్ల బల్ల, 45 సెంటీమీటర్ల కుర్చీ సరిపోతాయి. చిన్నపిల్లలకు రెండూ తక్కువ ఎత్తులో ఉండాలి. వాళ్ల పుస్తకాలు వాళ్ల చేతికి అందాలి.

నిశ్శబ్దం: పేపర్లు చదివేవారికి తలుపు దగ్గర, పోటీ పరీక్షలకు చదివేవారికి లోపలి వైపు, పిల్లలకు విడిగా ఒక మూల కేటాయిస్తే ఒకరి వల్ల ఒకరికి ఇబ్బంది ఉండదు.

"ఇదంతా ప్రభుత్వం పని కదా" అనుకోవచ్చు. కానీ అందులో మన డబ్బూ ఉంది. 1960 నాటి పబ్లిక్ లైబ్రరీల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. వెయ్యి రూపాయల పన్నుకు 80 రూపాయలు. స్కూలు ఫీజు కట్టి పిల్లల చదువు గురించి మమ్మల్ని అడుగుతారు కదా, అలాగే లైబ్రరీ గురించి కూడా అడగవచ్చు.

ఈ నెల ఒక సాయంత్రం మీ పిల్లలతో మన ఊరి లైబ్రరీకి వెళ్లండి. అరగంట వాళ్ల పక్కనే కూర్చోండి. వాళ్లకు ఏది ఇబ్బందిగా ఉందో అడిగి, లైబ్రేరియన్ గారికి కాగితం మీద రాసివ్వండి. ఒక్కరు అడిగితే మరిచిపోవచ్చు, పదిమంది అడిగితే పట్టించుకుంటారు.