అరీతా ఫ్రాంక్లిన్ గానము



అమెరికా సంయుక్త రాష్ట్రములలో నల్లజాతివారు పెంపొందించిన ‘సోల్’ అను సంగీతశాఖ యొకటి కలదు. సోల్ అనఁగా ఆత్మ. ఈ సంగీతమునకు రాణియని పేరువడసిన అరీతా ఫ్రాంక్లిన్ 2018వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన కీర్తిశేషురాలయ్యెను. అయినను ఆమె చూపిన త్రోవ మాసిపోలేదు. అందులకుఁ గారణమేమో విచారింతము.

అరీతా 1942లో మెంఫిస్ నగరమున జన్మించి, డెట్రాయిట్ నగరమునఁ బెరిఁగెను. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ ప్రసిద్ధుఁడైన మతబోధకుఁడు. ఆయన బోధించు ప్రార్థనామందిరమే ఆమెకు సంగీతపాఠశాల. అచటి పాట మన భజన వంటిది. ఒకరు ముందు పాడుదురు, కూడినవారందఱు అందుకొని బదులు పలుకుదురు, చప్పట్లే తాళమగును. పాడువారు వేఱు, వినువారు వేఱు అను భేదమచట నుండదు. ఈ పద్ధతిని లౌకికగీతములలోనికిఁ దెచ్చినవారు రే చార్లెస్, శామ్ కుక్ మున్నగువారు. దానిని పరాకాష్ఠ నందించినది అరీతా.

ఇందులకు ‘రెస్పెక్ట్’ అను పాట చక్కని నిదర్శనము. రెస్పెక్ట్ అనఁగా గౌరవము. దీనిని 1965లో ఓటిస్ రెడ్డింగ్ అను గాయకుఁడు రచించి పాడెను. అందు, సంపాదించి యిల్లు చేరిన పురుషుఁడు ఇల్లాలిని మన్నన వేఁడుచున్నాఁడు. 1967లో అరీతా ఆ పాటనే స్త్రీ నోటఁ బలికించెను. ఆ మాటను అక్షరమక్షరముగా విడఁదీసి పలుకుటయు, అక్క ఎర్మా, చెల్లెలు కారొలిన్ వంతపాడుటయు క్రొత్తగాఁ జేరెను. వేఁడికోలు హక్కుగా మాఱెను.

1964లోనే అచట పౌరహక్కుల చట్టము వెలువడెను. కాని చట్టము శాసించిన సమత్వము వీథులలోను, పనిచేయు తావులలోను ఇంకను కుదురుకొనలేదు. కావుననే నల్లజాతివారును, స్త్రీలును ఆ పాటయందుఁ దమ కోరికనే వినిరి. నేఁటికిని ఆ పాట నెత్తుకొనువారిలోఁ బెక్కురు రచయిత బాణిని గాక అరీతా బాణినే యనుసరింతురు.

కీర్తి గడించిన పిమ్మటను ఆమె తన మూలమును మఱువలేదు. 1972లో లాస్ ఏంజెలిస్ నగరమందలి యొక ప్రార్థనామందిరమున, భక్తుల నడుమ, భక్తిగీతములు పాడి రికార్డు చేయించెను. ఆమెకు వంతపాడిన సిస్సీ హ్యూస్టన్ కుమార్తెయే తరువాతి తరమున జగత్ప్రసిద్ధి గాంచిన విట్నీ హ్యూస్టన్. ‘రాక్ అండ్ రోల్’ కీర్తిమందిరమున 1987లో స్థానము వడసిన ప్రథమమహిళ అరీతాయే.

పాట నొకరు రచింపవచ్చును. పాడువారు తమ బ్రదుకు నందుఁ గలిపినప్పుడే యది పదుగురి సొత్తగును. అరీతా పాట నిలుచుటకుఁ గారణమిదియే.