షాకబ్జార్లు జతగానే ఎందుకు మార్చాలి?

రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం వెళ్లే దారిలో పాత స్పోర్ట్స్ కారు గుంతలో పడిందనుకోండి. దెబ్బను స్ప్రింగు మింగేస్తుంది, కానీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాకబ్జారు. లోపలి పిస్టన్ సన్నని రంధ్రాల గుండా నూనెను తోస్తుంది. ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. సీలు అరిగి నూనె కారిపోతే ఊపు ఆగదు.

ఒకవైపే కొత్తది వేస్తే? మలుపులో కుడి చక్రం ఒకలా, ఎడమ చక్రం ఒకలా కదులుతాయి. అందుకే ముందు రెండూ లేదా వెనక రెండూ కలిపి మార్చాలి.

రేసులకు చేసిన మరీ గట్టివి వద్దు. గతుకుల్లో చక్రం ఎగిరి, రోడ్డు మీద పట్టు తప్పుతుంది.

బిగించేదెలా? కారు జాకీ మీద ఉండగా షాకబ్జారు చివర్లలోని రబ్బరు బుష్‌ల బోల్టులు పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేలకు ఆని బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. షాకబ్జారు చుట్టూ నొక్కి ఉన్న స్ప్రింగు ఉంటే, దాన్ని విప్పడం మాత్రం ప్రమాదం. అది మెకానిక్ పనే.